మూడు బటన్లు, రెండు పూసలు

కొట్టు నుంచి,
మధ్యాహ్నం, బేరాల్లేని వేళ

వదినకి నమస్కారాలు,

ఫోన్ చేద్దామనే అనుకున్నా. కానీ మిషన్ల హోరులో మీకా ఎడం చెవి పోయాక ఫోన్లో ఏం చెప్పినా "ఆఁ? ఆఁ?" అంటారు. మామూలు సంగతైతే అరిచే చెప్తాను, నాకేం సిగ్గా. ఇది కొట్టు మధ్యలో నిలబడి అరిచే సంగతి కాదు. అందుకే బిల్లులు కొట్టే కంప్యూటర్లో టైపు చేసి మెయిల్లో పంపుతున్నా. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

మొన్న నిచ్చెన మీంచి పడ్డాను. పడ్డానంటే పడలేదు, జారాను. కంగారు పడకండి, ఎముకలన్నీ ఉన్నాయి.

టిచ్ బటన్ల పెట్టె పై అరలో ఉంటుంది కదా, ఒకావిడ వెండి రంగువే కావాలంది. ఎక్కాను. పెట్టె చేతికందింది, అంతే, కళ్ళు బైర్లు కమ్మాయి. ఎలా దిగానో తెలీదు. చూసేసరికి నేల మీద కూర్చునున్నా, చుట్టూ బటన్లు, వెండివీ నల్లవీ అన్నీ కలిసిపోయి. ఆవిడ పాపం "అయ్యో, దెబ్బ తగిలిందా" అంటోంది. "లేదమ్మా, ఎలాగూ వీటిని ఏరాలి" అని అక్కడే ఏరడం మొదలుపెట్టా. ఎందుకంటారా, లేవలేక. చీకటి పడేదాకా ఏరుతూనే ఉన్నా వదినా. వచ్చినవాళ్ళకి కింద నుంచే జవాబులు. "ఆ డబ్బాలో చూడండి, లేసులు మీ మోకాలి దగ్గర" అని. ఏదో కొత్త పద్ధతి పెట్టాననుకున్నారు. మీ తమ్ముడు వెనక గదిలో మిషన్ ఆపి టీ కోసం వచ్చి, "ఏంటి, కొట్టు నేల మీదకి దించేశావా?" అన్నారు. అని, నా మొహం చూసి నవ్వు మింగేశారు.

ఇది ఇవాళ్టిది కాదు. ఏడాదిగా నెలసరి వస్తే పోదు. పోతే ఎప్పుడొస్తుందో తెలీదు. ముద్దలు ముద్దలుగా పోతుంది. స్టూలు మీద రెగ్జిన్ ముక్క పరుచుకుని కూర్చుంటున్నా. లేచినప్పుడల్లా వెనక్కి ఓసారి తిరిగి చూసుకుని మరీ బేరం చూస్తున్నా. కట్టేవన్నీ మెరూన్, నలుపు. పక్క కొట్టు గొడుగులాయన "మీ షాపుకి యూనిఫామ్ పెట్టారా అమ్మా" అన్నాడు. "అవునండీ, మీరూ చేరతారా" అన్నా. ఇంకేం అనను?

ఎవరికీ చెప్పలేదు. నలభై దాటాక అందరికీ ఇంతే అనుకున్నా. నిచ్చెన సంగతయ్యాక మీ తమ్ముడు చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్ళారు. స్కానింగ్ తీశారు. గర్భసంచిలో ఫైబ్రాయిడ్లట, అంటే గడ్డలు, మూడు. లోపలి పొరకి వేలాడుతూ పాలిప్సట, అంటే చిన్న పిలకల్లాంటివి, రెండు. రక్తం చాలా తగ్గిపోయిందట. "ఈ రక్తంతో మీరు నిచ్చెనలెక్కుతున్నారా" అని డాక్టరమ్మ కళ్ళజోడు తీసి మరీ నన్ను చూసింది.

భయమేస్తోందా అంటే, భయపడటానికి కూడా ఓపిక కావాలి వదినా. అది లేదు. పొద్దున షట్టర్ ఎత్తేసరికే ప్రాణం ఉసూరుమంటోంది. చిట్టికి చెప్పలేదు, హాస్టల్లో పరీక్షల్లో ఉంది. మీరూ చెప్పకండి.

జిప్పుల కోసం ఎవరో వచ్చారు. ఉంటా.

మీ మరదలు


ఫ్యాక్టరీ క్వార్టర్స్ నుంచి,
వారపు సెలవు రోజు

మరదలికి,

ఉత్తరం చదివాను. నిచ్చెన ఎక్కడం మానెయ్. టిచ్ బటన్లు కింద అరలోకి దింపు. ఎక్కువ అడిగేవి పైన పెట్టడం ఏం తెలివి?

తీయించెయ్. సంచితో సహా. పిల్ల పుట్టింది, పెద్దదైంది. ఇక దానితో పనేముంది? మా హాల్లో నీ ఈడు వాళ్ళు చాలామంది తీయించుకున్నారు. మళ్ళీ మిషన్ల మీద కూర్చుని శుభ్రంగా కుడుతున్నారు. ఒక్కసారి బాధ, పీడ వదిలిపోతుంది. నాన్చకు.

తమ్ముడితో చెప్పు, బరువులు నీ చేత ఎత్తించొద్దని. చిన్నప్పుడు వాడి స్కూలు సంచి కూడా నేనే మోసేదాన్ని. వాడికి అలవాటు.

దీని గురించి నాకింతకంటే రాయడానికి ఏం లేదు. కొత్త సీజన్ శాంపిళ్ళు వచ్చాయా? వస్తే పంపు. మా వాళ్ళు కోట్లకి బటన్లు వెతుకుతున్నారు.

వదిన


కొట్టు నుంచి,
వర్షం, గొడుగులాయనకి పండగ, నాకు ఖాళీ

వదినా,

మీ ఉత్తరం మీ తమ్ముడికి చదివి వినిపించా. స్కూలు సంచి దగ్గర మొహం మాడ్చుకున్నారు. ఇప్పుడు దారపుండ కింద పడ్డా పరిగెత్తుకొచ్చి తీస్తున్నారు. మీ పుణ్యమే.

మళ్ళీ వెళ్ళాం. డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. ఒకటి మీరన్నదే, మొత్తం తీసేయడం. రెండోది, ముందు సన్న కెమెరా గొట్టంతో లోపలికి చూసి ఆ పాలిప్స్ తీసి టెస్టుకి పంపడం. అవి చాలావరకూ మంచివే ఉంటాయిట. కానీ నా వయసుకి, ఈ బ్లీడింగ్‌కి, చూడకుండా వదలకూడదట. ఆ ఫలితం వచ్చాక మిగతాది ఆలోచిద్దాం అంది. "మీరేం చెయ్యమంటారు" అని అడిగితే "మీకేం కావాలో మీరు చెప్పండి" అంటుంది. పదేళ్ళ నుంచి నన్నెవరూ అలా అడగలేదు వదినా. మీ తమ్ముడి వైపు చూశా. ఆయన గోడ మీద బొమ్మ చూస్తున్నారు. బయటికొచ్చాక "నువ్వెలా అంటే అలా" అన్నారు. ఎప్పుడూ ఇంతే. మంచి మనిషే. కానీ ఏదీ తేల్చి చెప్పరు.

బడులు తెరిచే రోజులు దగ్గరికొచ్చాయి. యూనిఫామ్ బటన్లు, హుక్కులు, ఎలాస్టిక్, నాకున్నదే ఈ ఒక్క సీజను. అది అయ్యాక చూద్దాంలే అని నాకుంది. డాక్టరమ్మ "అప్పటిదాకా మీరు నిలబడగలిగితే కదా" అంది.

సరే, ఒక తమాషా చెప్తా. ఆవిడ అన్నీ సెంటీమీటర్లలో చెప్పింది. ఇంత, అంత అని. నాకు సెంటీమీటరంటే బటనే కదా, ఇంకేం గుర్తొస్తుంది? కొట్టుకొచ్చాక కొలబద్ద తీసుకుని డబ్బాలన్నీ వెతికా. అన్నిటికంటే పెద్ద గడ్డ మన ఓవర్‌కోటు కొమ్ము బటనంత, అదే, గోధుమ రంగుది, మధ్యలో చారలుంటాయి. దానికంటే పెద్దది నా కొట్లోనే లేదు. రెండోది జాకెట్ బటన్. మూడోది మామూలు చొక్కా బటన్. పాలిప్స్‌కి బటన్లు సరిపోలేదు, రెండు ఎర్ర పూసలు దొరికాయి. ఊరికే ఎందుకు, శాంపిల్ కార్డు తీసి వరసగా కుట్టేశా. కుట్టి కౌంటర్ మీద పెట్టుకుని చూశా. ఇంతేనా అనిపించింది. ఇంత చిన్నవాటికా నేను రోజూ ఇలా వంగిపోతున్నది?

కుట్టాక చిత్రంగా కాస్త తేలికైంది. కనపడని దానికంటే కనపడేది నయం కదా.

ఆ కార్డు కూడా మీ శాంపిళ్ళతో కలిపి కొరియర్‌లో పెట్టా. మీరొక్కరైనా చూడాలనిపించింది. చూసి తిరిగి పంపండి, పూసలు ఖరీదైనవి.

మీ మరదలు


ఫ్యాక్టరీ ఆఫీసు నుంచి,
పని వేళ

మరదలికి,

నీ ఉత్తరం వచ్చే ఉంటుంది, ఇంకా తెరవలేదు. మా ఆఫీసు కంప్యూటర్లో సొంత మెయిల్ తెరుచుకోదు. సెలవు రోజున క్వార్టర్స్‌లో చదువుతా. ఈలోపు కొరియర్ అందింది. అందులో చీటీలో తొందరగా జవాబు కావాలన్నావు కదా అని ఆఫీసు మెయిల్ నుంచే రాస్తున్నా.

నీలం రంగు వరస వద్దు, మెరుపు ఎక్కువ. మ్యాట్ నలుపు పర్వాలేదు. ముత్యపుచిప్పలా మెరిసే ఆ సీపీ రకం రెండు ఉతుకులకే పొట్టు లేస్తుంది, నువ్వూ కొనకు.

ఆ విడి కార్డు ఏమిటి? మూడు సైజులు, ఎర్ర పూసలు రెండు. ఏ వస్త్రానికి ఈ కలయిక? అయినా మా కొనుగోళ్ళ మేనేజరుకి చూపించా. పూసలు తీసెయ్యమన్నాడు. చిన్నవి మామూలే. పెద్ద కొమ్ము బటన్ మాత్రం తెగ నచ్చింది. వేలి మీద పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది ఎక్కడ దొరికింది, ఇలాంటివి ఎన్ని తేగలరు" అని అడుగుతున్నాడు. నీ దగ్గర ఇంకెన్ని ఉన్నాయి? చెప్పు.

కుట్టు మాత్రం బాగా లేదు. ఒకటి వదులుగా ఉంది. ముడి సరిగ్గా వేయలేదా?

వదిన


కొట్టు నుంచి,
షట్టర్ సగం దించి

వదినోయ్!

నవ్వి నవ్వి చచ్చాను. మీ తమ్ముడు కత్తెర పట్టుకునే పరిగెత్తుకొచ్చారు, ఏడుస్తున్నాననుకుని. ఆయనకి చదివి వినిపిస్తే ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక గోడకానుకుని నవ్వుతూనే ఉన్నారు. ఎన్ని నెలలైందో మేమిద్దరం కలిసి నవ్వి.

వదినా, అవి శాంపిళ్ళు కావు. ఆ బటన్లు నా గడ్డలు. పూసలు నా పాలిప్స్. నా ఉత్తరం చదివితే తెలిసేది. మీరు నా గర్భసంచి తీసుకెళ్ళి మేనేజరు టేబుల్ మీద పెట్టారు! ఆయనకి చెప్పండి, ఉన్నది ఒక్కటే, వేరే చోట తయారు కాదు, నేనివ్వాలనుకున్నా డాక్టరమ్మ తీస్తేగానీ రాదు అని.

పూసలు తీసెయ్యమన్నాడా, డాక్టరమ్మదీ అదే మాట. ఇద్దరికీ ఉద్యోగాలు మార్చొచ్చు.

సరే, నవ్వు అయిపోయింది. ఇప్పుడు మామూలు సంగతి.

ఈసారి నెలసరి మరీ ఎక్కువైంది. కొట్లో ఒక కుర్చీ పాడైంది, మీ తమ్ముడు వెనక్కి తీసుకెళ్ళి కడిగారు. నేను చూడలేదనుకున్నారు. చూశా. ఐరన్ సీసా ఒకటి సూది ద్వారా ఎక్కించారు, ఇంకోటి ఎక్కించాలట. మెట్లు ఎక్కితే కుక్కలా రొప్పుతున్నా. నిన్న ఒకావిడ తెల్ల బటన్లలో ఆరు రకాల తెలుపులు తీయించి ఏదీ నచ్చలేదని వెళ్ళిపోయింది. మామూలుగా అయితే వీధి దాకా వెంటపడి ఒకటైనా అంటగట్టేదాన్ని. ఊరికే చూస్తూ కూర్చున్నా. ఇక చూడండి ఎలా ఉన్నానో.

ఆలోచించి ఆలోచించి విసుగొచ్చింది. మీరు తీయించెయ్ అన్నారు. కాజాలు కుట్టే పెద్దావిడ తీయించెయ్ అంది. గొడుగులాయన భార్య కూడా తీయించెయ్ అంది, ఆవిడకి ఎవరు చెప్పారో. ఇంతమంది చెప్తుంటే సంతకం పెట్టేస్తే పోలా, ఆలోచించే పనైనా తప్పుతుంది. వచ్చేవారం వెళ్ళి మొత్తం తీసెయ్యమని చెప్పేస్తా. ఆ టెస్టులూ అవీ ఎందుకు, అన్నీ ఒకేసారి పోతాయి కదా.

కార్డు తిరిగి పంపడం మర్చిపోకండి. ముడి వేసే ఓపిక లేకపోయింది, నిజమే.

మీ మరదలు


ఫ్యాక్టరీ క్వార్టర్స్ నుంచి,
సెలవు రోజు, తలుపు వేసుకుని

మరదలికి,

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి చదివాను. కార్డు టేబుల్ మీద నా ముందే ఉంది. పొద్దున్నుంచీ దాన్నే చూస్తున్నా.

మేనేజరుకి ఏమీ చెప్పలేదు. ఆ రకం రావడం ఆగిపోయిందన్నాను.

ఒక సంగతి నీకు చెప్పాలి. ఎవరికీ చెప్పలేదు. తమ్ముడికి కూడా. అప్పట్లో నాకు అపెండిక్స్ ఆపరేషన్ అయిందని అందరికీ చెప్పాం గుర్తుందా? అది అపెండిక్స్ కాదు. గర్భసంచి తీసేశారు. నాకు అప్పుడు ముప్ఫై నాలుగు. పిల్లలు లేరు, ఇంకా చూద్దాం అనుకుంటున్న రోజులు. నీలాగే రక్తం పోయేది. నీలాగే నల్లబట్టలు కట్టేదాన్ని. మిషన్ మీద నుంచి లేచేటప్పుడు పక్కనున్న పిల్లని వెనక నిలబడమనేదాన్ని.

డాక్టరు గడ్డలున్నాయన్నాడు. తీసేస్తే పోతుందన్నాడు. ఎన్ని, ఎంతెంత, వేరే దారి ఏదైనా ఉందా, నేనడగలేదు. ఆయన చెప్పలేదు. మీ అన్నయ్యగారు "అంతేనంటావా" అన్నారు. నేను అంతేనన్నాను. సూపర్‌వైజరు సెలవు తక్కువిచ్చాడు, తొందరగా మళ్ళీ మిషన్ ఎక్కాలి. నాకు కూడా నీలాగే విసుగొచ్చేసింది. సంతకం పెట్టాను. ఇంటికొచ్చాక ఆయన, "పిల్లలు ఎందుకు లేరని నలుగురూ అడుగుతారు, ఈ మాట ఎందుకు, అపెండిక్స్ అందాం" అన్నారు. సరే అన్నాను. ఆ మాట అలాగే ఉండిపోయింది. ఆయన పోయారు, మాట పోలేదు.

నువ్వు అప్పుడు చిట్టిని తీసుకుని ఆసుపత్రికి వచ్చావు. చంటిపిల్ల. తెచ్చి నేరుగా నా ఒళ్ళో పడుకోబెట్టావు. నేను "కుట్లు నొప్పి, తీసుకెళ్ళు" అన్నాను. నీ మొహం మాడింది. ఆ తర్వాత చాన్నాళ్ళు నా ఒళ్ళో పిల్లని పెట్టలేదు నువ్వు. వదినకి పిల్లలంటే గిట్టదు అనుకుని ఉంటావు. కుట్లు నొప్పే. అబద్ధం కాదు.

నిన్ను భయపెట్టడానికి రాయడం లేదు. నొప్పి పోయింది నాకు, రక్తం ఆగింది, మళ్ళీ మనిషినయ్యాను. తీయించుకోవడం తప్పని అనడం లేదు. మా హాల్లో వాళ్ళు చాలామంది హాయిగా ఉన్నారు, అది నిజమే. కానీ నాకు లోపల ఏముండేదో నాకు ఈరోజుకీ తెలీదు. బటనంతా, పూసంతా? టెస్టుకి పంపారా లేదా? ఎవరూ చూపించలేదు. నువ్వు కొలబద్ద పెట్టి కొలుచుకున్నావు. నీకు ఆ ఆలోచన వచ్చింది. నాకు రాలేదు.

మొదటి ఉత్తరంలో నీకు "దానితో పనేముంది" అని రాశాను. ఆ మాట నాది కాదు. అప్పుడు నాకు వాళ్ళు చెప్పిందే నీకు తిరగరాశాను.

కాబట్టి విను. విసుగొచ్చిందని సంతకం పెట్టకు. ముందు ఆ రెండు పూసల సంగతి తేల్చు. ఏది దేనివల్ల అని డాక్టరమ్మని కూర్చోబెట్టి అడుగు. అడిగాక, చూశాక, నీకే తీయించుకోవాలనిపిస్తే తీయించుకో, నేనే పక్కన కూర్చుంటా.

కార్డు నా దగ్గరే ఉండనీ కొన్నాళ్ళు.

వదిన


కొట్టు నుంచి,
పొద్దున్నే, ఇంకా షట్టర్ ఎత్తలేదు

వదినా,

మీ ఉత్తరానికి ఏం రాయాలో తెలీక చాలాసార్లు మొదలుపెట్టి చెరిపేశా.

నేను నిజంగా అలాగే అనుకున్నా. వదినకి గిట్టదనుకున్నా. చిట్టికి కూడా అలాగే నేర్పా, "అత్త దగ్గర గోల చెయ్యకు" అని. ఇంకేం రాయను, కళ్ళు మసకేస్తున్నాయి, అక్షరాలు కనపడటం లేదు.

మీ తమ్ముడికి చెప్పలేదు. మీ మాట మీదే. చెప్పాలనిపిస్తే మీరే చెప్పండి.

డాక్టరమ్మ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళా. మీరన్నట్టే కూర్చోబెట్టి అడిగా. కౌంటర్ దగ్గర నేను గంట బేరమాడే రకం, ఆసుపత్రిలో మాత్రం ఎందుకు నోరు పడిపోతుందో నాకే తెలీదు. ఈసారి పడిపోలేదు. బటన్ల లెక్కలోనే అడిగా, ఆవిడ కూడా నవ్వి బటన్ల లెక్కలోనే చెప్పింది. పెద్ద కోటు బటన్ గోడలో కూర్చుందట, దాని గొడవ దానిదట, వయసు గడిచి నెలసరి ఆగాక అలాంటివి చాలావరకూ వాడిపోతాయిట. చొక్కా బటన్ లోపలికి పొడుచుకొచ్చిందట. అదీ, ఆ పూసలూ కలిసి ఇంత రక్తం పోగొడుతుండొచ్చట. కెమెరా గొట్టంతో పూసలు తీసేటప్పుడు చొక్కా బటన్ కూడా తీసేయొచ్చట, కోత లేదు. జాకెట్ బటన్ని కనిపెట్టుకుని ఉండాలట. తగ్గకపోతే అప్పుడు మొత్తం తీయడం ఎలాగూ ఉంది, అప్పుడు సంతకం నా ఇష్టంతో పెట్టొచ్చట.

రోజు ఖాయం చేసుకుని వచ్చా. సరిగ్గా యూనిఫామ్ సీజన్ మొదట్లో పడింది. కొట్టు కొన్నాళ్ళు మూసేస్తా. మీ తమ్ముడికి కుట్టడం వచ్చు గానీ అమ్మడం రాదు. ఎవరైనా "తగ్గించండి" అంటే తగ్గించేస్తారు, ఇంకా "సరిపోతుందా" అని అడుగుతారు.

టెస్టు ఫలితం గురించి మాత్రం భయమేస్తోంది. ఇన్నాళ్ళూ భయానికి ఓపిక లేదన్నా కదా, ఆ రెండో ఐరన్ సీసా ఎక్కించాక వచ్చినట్టుంది.

మీ మరదలు


ఫ్యాక్టరీ ఆఫీసు నుంచి

మరదలికి,

సెలవు పెట్టాను. ఇన్నేళ్ళలో ఇన్ని రోజులు ఇదే మొదటిసారి. మేనేజరు "అంత ముఖ్యమా" అన్నాడు. అవునన్నాను.

కొట్టు మూయకు. ధరలు రాసి పెట్టు. టిచ్ బటన్లు కింద అరలో ఉండకపోతే చూడు నీ సంగతి.

తమ్ముడిని బస్సు దగ్గరికి రమ్మను. సంచి వాడే మోస్తాడు.

వదిన


నీ కొట్టు కౌంటర్ నుంచి,
వెనక గదిలో పడుకున్న మరదలికి

నువ్వు నిద్రపోతున్నావు. లేపొద్దని తమ్ముడితో చెప్పాను. ఇన్నాళ్ళూ ఉత్తరాల్లో మాట్లాడుకుని అలవాటైంది, అందుకే పది అడుగుల దూరానికి కూడా రాస్తున్నాను. నీ మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టిస్తా.

ముందు నీకు కావలసిన మాట. తమ్ముడు రిపోర్టు తెచ్చాడు. చెడ్డదేమీ లేదు. రెండు పూసలూ మంచివే, చొక్కా బటన్ కూడా. వాడికి చదవడం చేతకాక డాక్టరమ్మ చేత రెండుసార్లు చెప్పించుకుని వచ్చాడట. నాకు చెప్తూ ఇక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. అప్పుడే నా అపెండిక్స్ సంగతి కూడా చెప్పేశాను. లేచి వెళ్ళి నాకు టీ పెట్టుకొచ్చాడు. చక్కెర వేయడం మర్చిపోయాడు, తాగేశా.

మూడు నెలల తర్వాత మళ్ళీ చూపించుకోవాలి. అప్పటికి తగ్గుతుందో లేదో ఆవిడా చెప్పలేనంది. తగ్గకపోతే అప్పుడు చూసుకుందాం.

చిట్టికి నేనే చెప్పాను. నిన్ను తిట్టింది, నన్ను తిట్టింది, బస్సెక్కి వచ్చేసింది. నువ్వు అప్పటికింకా మందు మత్తులో ఉన్నావు. నీ మంచం పక్కన నేను కూర్చునుంటే వచ్చి నేల మీద కూర్చుని నా ఒళ్ళో తల పెట్టి అలాగే నిద్రపోయింది. అంత పెద్ద పిల్ల. కాళ్ళు తిమ్మిరెక్కాయి. కదలలేదు.

బేరాలు బాగున్నాయి. నీ గిరాకీలు నాకు భయపడుతున్నారు. ఆరు తెలుపుల ఆవిడ మళ్ళీ వచ్చింది. ఒకే తెలుపు తీసి ముందు పెట్టి ఊరుకున్నాను. కొనుక్కుని వెళ్ళింది. గొడుగులాయన యూనిఫామ్ మారిందేమని అడిగాడు, నేను లేత పసుపు కట్టుకున్నాలే. మీ దుకాణం చూసుకోండి అన్నాను.

ఇంకోటి. కోప్పడకు.

నీ కార్డు తెచ్చి కౌంటర్ మీద పెట్టుకున్నాను. ఆపరేషన్ అయిన రోజు పూసలూ చొక్కా బటనూ నేనే కత్తిరించాను. మిగతా రెండూ ఉంచాను, ఉన్నవి ఉన్నట్టుండాలి కదా అని. ఇవాళ ఒక పెద్దాయన పాత కోటు పట్టుకుని వచ్చాడు. భార్య కొనిపెట్టిందట, ఆవిడ లేదు, పై బటన్ ఎక్కడో పడిపోయింది. ఊరంతా తిరిగాడట. కార్డు మీద ఆ కొమ్ము బటన్ చూసి చెయ్యి పెట్టేశాడు. "అమ్మా, ఇదే, అచ్చం ఇదే" అంటాడు. అది అమ్మేది కాదన్నాను. కదలడే. కోటు కౌంటర్ మీద పరిచి చూపించాడు, మిగతావన్నీ అదే రకం, అవే చారలు.

అమ్మేశాను. తమ్ముడి చేత అక్కడే కుట్టించాను కూడా, వదులుగా లేకుండా. పెద్దాయన తొడుక్కుని బటన్ పెట్టుకుని, అద్దంలో చూసుకుని వెళ్ళాడు.

నీ లోపలిది అక్కడే ఉంది, నాకు తెలుసు. అయినా ఆ బటన్ వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

లేచాక ఐరన్ మాత్ర వేసుకో. టీతో కాదు, టీ తాగితే అది పట్టదట. కొట్టులోకి రాకు. రాత్రికి షట్టర్ నేను దించుతాను.

వదిన